కాకినాడ చెప్పిన పాఠం: వ్యాపారం నేర్పితే నిరుద్యోగం తగ్గుతుందా?

తెలంగాణలో 2023 జులై 1న గ్రూప్-4 పరీక్ష జరిగింది. పోస్టులు 8,180. దరఖాస్తులు 9.51 లక్షలు. ఒక్కో పోస్టుకు 116 మంది. ఎవరు ఎంత బాగా చదివినా సరే, తొమ్మిది లక్షల నలభై వేల మందికి ఆ ఉద్యోగం రాదని పరీక్ష రాయకముందే తెలుసు. మరి వాళ్లంతా ఏం చేయాలి?

దీనికి ఇప్పుడు అందరూ చెప్పే జవాబు ఒక్కటే: సొంతంగా ఏదైనా పెట్టుకోవాలి. ఉద్యోగం అడిగే స్థాయి నుంచి ఇచ్చే స్థాయికి ఎదగాలని మంత్రులు చెబుతారు, కాలేజీ వార్షికోత్సవాలకు వచ్చిన ముఖ్య అతిథులూ చెబుతారు. మాటలతోనే ఆగలేదు కూడా. కొత్త కంపెనీలకు చోటూ సలహాలూ ఇచ్చే టీ-హబ్ 2015లో హైదరాబాద్‌లో మొదలైంది. 2016లో సాంకేతిక విద్యను పర్యవేక్షించే ఏఐసీటీఈ స్టార్టప్ విధానం తెచ్చింది. 2018 నుంచి కాలేజీల్లో ఇన్నోవేషన్ కౌన్సిళ్లు పెట్టడం మొదలైంది. ఆంధ్రప్రదేశ్‌లో 2025లో టీ-హబ్ లాంటిదే రతన్ టాటా ఇన్నోవేషన్ హబ్ తెరిచారు. ప్రతి కుటుంబం నుంచి ఒక పారిశ్రామికవేత్త రావాలన్నది అక్కడి ప్రభుత్వ నినాదం.

ఈ జవాబులో మూడు వేర్వేరు మాటలు కలిసిపోయి ఉన్నాయి. వ్యాపారం చేయడం నేర్పవచ్చు అన్నది మొదటిది. నేర్చుకున్నవాళ్లు వ్యాపారం పెడతారన్నది రెండోది. అలా పెడితే నిరుద్యోగం తగ్గుతుందన్నది మూడోది. మొదటిదానికి గట్టి ఆధారాలున్నాయి. వాటిలో అందరికంటే ముందు వచ్చినవాటిలో ఒకటి మన కాకినాడదే. రెండోది సగం నిజం. మూడోదానికి ఆధారం చాలా తక్కువ, కానీ పథకాల ప్రచారమంతా దాని మీదే నడుస్తోంది.

1964, కాకినాడ

ఏదైనా సాధించాలన్న తపనను పెద్దయ్యాక కూడా మనిషిలో పెంచవచ్చని హార్వర్డ్‌లో మనస్తత్వశాస్త్రం బోధించే డేవిడ్ మెక్లెలాండ్ నమ్మాడు. దాన్ని పరీక్షించడానికి 1964లో కాకినాడను ఎంచుకున్నాడు. అప్పటికి ఆ ఊరి జనాభా లక్షకు కాస్త పైన. అక్కడి వ్యాపారుల్లో సుమారు యాభై మందిని జట్లుజట్లుగా హైదరాబాద్ రప్పించి, సియెట్ అనే చిన్న పరిశ్రమల శిక్షణ సంస్థలో పది రోజులు ఉంచి శిక్షణ ఇచ్చారు. ఇప్పుడు యూసుఫ్‌గూడలో ని-ఎంఎస్ఎంఈ పేరుతో నడుస్తున్నది ఆ సంస్థే. పోల్చి చూడటానికి శిక్షణ ఇవ్వని వ్యాపారులను కూడా గమనించారు. వాళ్లలో రాజమండ్రివాళ్లు కూడా ఉన్నారు.

ఆ శిక్షణలో ప్రధానంగా నేర్పింది పద్దులు రాయడమో, పన్నులు కట్టడమో కాదు. ఒక బొమ్మ చూపించి దాని మీద కథ రాయమనేవారు. రాసిన కథలో మనిషి ఏదో సాధించాలని చూస్తున్నాడా, లేక జరిగేదేదో జరుగుతుందని కూర్చున్నాడా అన్నది తర్వాత అందరూ కలిసి చర్చించేవారు. మెక్లెలాండ్ పద్ధతిలో ప్రసిద్ధమైన ఆట ఇంకొకటి ఉంది. నేలలో ఒక మేకు పాతి, దాని మీదికి రింగులు విసరాలి. ఎంత దూరం నుంచి విసరాలో ఎవరికి వాళ్లే నిర్ణయించుకోవాలి. కొందరు మరీ దగ్గర నిలబడతారు, కొందరు పందెం కాసినట్టు మరీ దూరంగా వెళతారు. కష్టపడితే పడే దూరం చూసుకుని నిలబడి, ప్రతి విసురుకూ అడుగు అటూ ఇటూ సర్దుకునేవాళ్లలోనే వ్యాపారానికి కావలసిన గుణం ఉందని ఆయన లెక్క. కోర్సు చివర రాబోయే రెండేళ్లకు తన లక్ష్యమేమిటో ఎవరికి వాళ్లు రాసుకోవాలి.

రెండేళ్ల తర్వాత చూస్తే, శిక్షణ పొందినవాళ్లు మిగతావాళ్లకంటే చురుగ్గా ఉన్నారు. కొత్త పెట్టుబడులు ఎక్కువ పెట్టారు, ఎక్కువ మందికి పని ఇచ్చారు. కులం, సంప్రదాయ నమ్మకాలు ఇందుకు పెద్ద అడ్డు కాలేదని కూడా తేల్చారు. కామర్స్ చదివినవాళ్లలో చాలామంది ఇక్కడిదాకా 'కాకినాడ ప్రయోగం' పేరుతో చదివే ఉంటారు.

పాఠ్యపుస్తకాలు అంతగా పట్టించుకోని సంగతి ఒకటుంది, నా దృష్టిలో అసలు విషయం అదే. ఈ శిక్షణ ఫలితం బాగా కనిపించింది తమ వ్యాపారంలో నిర్ణయాలు తీసుకునే అధికారం తమ చేతిలో ఉన్నవాళ్లలో. పెద్దవాళ్ల మాట మీద నడిచే కొట్టులో కూర్చునేవాళ్లకు తపన పెరిగినా, దాన్ని చూపించే వీలు లేకపోయింది. పైగా శిక్షణకు వచ్చినవాళ్లంతా అప్పటికే వ్యాపారంలో ఉన్నారు. వాళ్లకు సరుకు ఎక్కడ దొరుకుతుందో తెలుసు, అప్పు ఎవరిస్తారో తెలుసు, ఊళ్లో పరపతి ఉంది. కులం అడ్డు కాలేదన్న మాటను కూడా ఈ వెలుగులోనే చదవాలి. అది అప్పటికే కొట్టు తెరిచినవాళ్ల మధ్య చూసిన తేడా. కొట్టు తెరవడం ఎవరికి సాధ్యమైంది, ఎవరికి కాలేదు అన్న ప్రశ్న ఆ ప్రయోగంలో లేనే లేదు.

తర్వాత దేశంలో వచ్చిన శిక్షణల్లో చాలావరకు కాకినాడ నుంచి మొదటి సగం తీసుకుని రెండో సగం వదిలేశాయి. చేతిలో వ్యాపారం ఉన్నవాళ్లకు పనికొచ్చిన మందునే, డిగ్రీ సర్టిఫికెట్ తప్ప ఏమీ లేని ఇరవై రెండేళ్ల కుర్రాడికీ రాసి ఇస్తున్నాం.

ఎవరు నిరుద్యోగులు?

అంతర్జాతీయ కార్మిక సంస్థ, ఢిల్లీలోని మానవాభివృద్ధి సంస్థ కలిసి 2024లో విడుదల చేసిన నివేదిక ప్రకారం, 2022లో మన దేశ యువతలో చదవడం రాయడం రానివాళ్లలో నిరుద్యోగం 3.4 శాతం. డిగ్రీ, ఆపైన చదివినవాళ్లలో 29.1 శాతం. పేదవాడికి ఖాళీగా ఉండే వీలు లేదు, దొరికిన కూలికి వెళ్లాల్సిందే. చదువుకున్న పిల్లలు ఉద్యోగం కోసం ఎదురుచూస్తున్నారంటే ఇంట్లోవాళ్లు అప్పో సప్పో చేసి ఇంకో ఏడాది మోస్తున్నారన్నమాట. కొందరు దీన్ని బద్ధకం అంటారు. నాకు ఆ మాట చాలా అన్యాయంగా అనిపిస్తుంది. చదువు మీద ఇల్లంతా పెట్టిన ఖర్చు తిరిగి రావాలంటే ఆ ఎదురుచూపు తప్ప దారి కనిపించని పరిస్థితి వాళ్లది.

ఇంకో అంకె చూడండి. దేశంలో పని చేస్తున్నవాళ్లలో స్వయం ఉపాధి వాటా 2017-18లో 52.2 శాతం ఉంటే, 2023-24 నాటికి 58.4 శాతానికి పెరిగిందని ప్రభుత్వ కార్మిక సర్వేనే చెబుతోంది. ఇంటి కొట్లోనో పొలంలోనో జీతం లేకుండా చేయి వేసేవాళ్లు కూడా ఈ లెక్కలోనే ఉన్నారు. అంటే సొంత పని చేసుకునేవాళ్లకు దేశంలో కొరత లేదు. ఆ పనిలో నెలకు ఎంత మిగులుతోందన్నదే సమస్య. రెండు కిరాణా షాపులు ఉన్న వీధిలో మూడోది పెడితే ఒక నిరుద్యోగి లెక్కలోంచి తగ్గుతాడు. కానీ వీధిలో బేరం పెరగదు, ఉన్నదాన్నే ముగ్గురూ పంచుకుంటారు.

వ్యాపారం నేర్పితే నిరుద్యోగం తగ్గుతుందా అన్నదాన్ని ట్యునీషియాలో పకడ్బందీగా పరీక్షించారు. 2009-10 విద్యా సంవత్సరంలో అక్కడి డిగ్రీ విద్యార్థులకు చివరి ఏడాది మామూలు ప్రాజెక్టుకు బదులు బిజినెస్ ప్లాన్ రాసే అవకాశం ఇచ్చారు. శిక్షణ ఇచ్చారు, దగ్గరుండి చెప్పే కోచ్‌లను పెట్టారు. దరఖాస్తు చేసినవాళ్లలో లాటరీ తీసి కొందరికే ఇవ్వడం వల్ల తేడా స్పష్టంగా తెలిసింది. డిగ్రీ అయిన ఏడాదికి చూస్తే సొంత పని పెట్టుకున్నవాళ్లు కాస్త పెరిగారు, అదీ నూటికి ఒకరి నుంచి నలుగురి లోపే. మొత్తం మీద పని దొరికినవాళ్ల సంఖ్య మాత్రం మారలేదు. నెదర్లాండ్స్‌లో ఒక వృత్తివిద్యా కాలేజీలో విద్యార్థుల చేత చిన్న కంపెనీలు నడిపించే కోర్సును పరిశీలిస్తే, కోర్సు అయ్యాక వ్యాపారం పెట్టాలన్న కోరిక వాళ్లలో తగ్గింది. 2010లో వచ్చిన ఈ ఫలితాన్ని చాలామంది వైఫల్యంగా చూశారు. నాకు అలా అనిపించలేదు. ఇది తనకు సరిపడదని ఒక విద్యార్థి ఇరవై ఏళ్లకే, ఇంటి స్థలం తాకట్టు పెట్టకముందే తెలుసుకోవడం మంచి చదువే.

కర్రీ పాయింట్ లెక్క

వ్యాపారంలో నేర్పాల్సింది ఏమిటో తెలియాలంటే ఒక కర్రీ పాయింట్ ముందు నిలబడి లెక్క వేయాలి. హాస్టళ్లు, అద్దె గదులు ఎక్కువున్న వీధిలో భార్యాభర్తలు ఒకటి నడుపుతున్నారనుకుందాం. రోజుకు 120 ప్యాకెట్లు కడతారు, సగటున ప్యాకెట్ 30 రూపాయలు. అన్నీ అమ్ముడైతే 3,600. కూరగాయలు, పప్పు, నూనెకు 1,700 పోతాయి. గ్యాస్ 250, కవర్లు 120, తరిగే మనిషికి 500, షాపు అద్దె రోజుకు 300, కరెంటూ చిల్లర ఖర్చులూ 60. మొత్తం 2,930. మిగిలేది 670. నెలకు 26 రోజులు తెరిస్తే 17,420 రూపాయలు. తెల్లవారుజామున లేచే ఇద్దరి కష్టం ఇది.

ఇప్పుడు రోజూ పది ప్యాకెట్లు మిగిలిపోయాయనుకోండి. పోయింది 300 రూపాయలే కదా అనిపిస్తుంది. కానీ ఖర్చంతా అయిపోయాక మిగిలినవి కాబట్టి ఆ 300 నేరుగా లాభంలోంచి పోతుంది. రోజు మిగులు 670 నుంచి 370కి, నెల మిగులు 9,620కి పడిపోతుంది. నూట ఇరవైలో పది ప్యాకెట్లు ఇంటి ఆదాయంలో దాదాపు సగం తినేశాయి. దీని మీద డైలీ ఫైనాన్స్ వాయిదా కూడా ఉంటే ఇక చెప్పక్కర్లేదు. పదివేలు రాసుకుని, ముందే పదిహేను వందలు పట్టుకుని 8,500 చేతికిస్తారు. రోజుకు వంద చొప్పున వంద రోజులు కట్టాలి. ఏడాదికి లెక్కేస్తే వడ్డీ నూటికి నూరు దాటుతుంది.

ఏ వారం ఏ కూర మిగిలిపోతోంది, సెలవులప్పుడు హాస్టళ్లు ఖాళీ అయితే ఎంత తగ్గించి వండాలి, ఖాతా ఎవరికి పెట్టాలి, ఎవరికి పెట్టకూడదు, ఇంట్లోకి తీసుకున్న నూనె ప్యాకెట్‌ను ఎక్కడ రాయాలి: ఆ ఇంటికి పనికొచ్చే వ్యాపార విద్య ఇదంతా. డొమినికన్ రిపబ్లిక్‌లో చిన్న వ్యాపారులకు రెండు రకాల పాఠాలు చెప్పి చూశారు. కొందరికి పద్ధతి ప్రకారం అకౌంటింగ్ నేర్పారు. మరికొందరికి ఇంటి డబ్బూ గల్లా డబ్బూ కలపకూడదనే లాంటి తేలికైన సూత్రాలు మాత్రమే చెప్పారు. ఈ రెండోవాళ్ల పద్దులూ వ్యాపారమూ మెరుగుపడ్డాయి. అకౌంటింగ్ విన్నవాళ్లలో చెప్పుకోదగ్గ మార్పు రాలేదు.

పశ్చిమాఫ్రికాలోని టోగోలో 1,500 మంది చిన్న వ్యాపారులతో చేసిన అధ్యయనం ఇంకా ముఖ్యమైనది. 2017లో ప్రచురించారు. మూడో వంతు మందికి మామూలు వ్యాపార శిక్షణ, మూడో వంతు మందికి చొరవ పెంచే శిక్షణ ఇచ్చారు. మిగిలినవాళ్లకు ఏమీ ఇవ్వలేదు. ఇతరుల్ని చూసి అదే పెట్టకుండా కొత్తది వెతకడం, అడ్డంకి ఎదురైతే ఇంకో దారి చూడటం, సమస్య రాకముందే సిద్ధపడటం ఆ చొరవ పాఠాల సారం. రెండేళ్లలో వాళ్ల లాభాలు 30 శాతం పెరిగాయి. మామూలు శిక్షణ పొందినవాళ్లలో కనిపించిన 11 శాతం పెరుగుదల, గట్టిగా చెప్పుకోదగినంత తేడా కాదని తేలింది. అంతకు యాభై ఏళ్ల ముందు కాకినాడ వ్యాపారులకు చెప్పినదానికి ఇది చాలా దగ్గర. ఇక్కడ కూడా అందరూ అప్పటికే వ్యాపారంలో ఉన్నవాళ్లేనన్నది మర్చిపోకూడదు.

డబ్బు లేని పాఠం, పాఠం లేని డబ్బు

ఏమీ లేనివాళ్ల దగ్గర మొదలుపెట్టాలంటే శిక్షణతో పాటు పెట్టుబడి కావాలి. ఉత్తర ఉగాండాలో 2008లో పేద యువత గుంపులుగా ఏర్పడి ఒక వృత్తి నేర్చుకోవడానికి, పనిముట్లు కొనుక్కోవడానికి ప్రభుత్వం మనిషికి దాదాపు 400 డాలర్లు వచ్చేలా డబ్బిచ్చింది. నాలుగేళ్లకు వాళ్ల సంపాదన మిగతావాళ్లకంటే 38 శాతం ఎక్కువగా ఉంది. పథకాలు పెట్టేవాళ్లు ఇక్కడిదాకా చెప్పి ఆపేస్తారు. తొమ్మిదేళ్లకు మళ్లీ వెళ్లి చూస్తే, డబ్బు అందనివాళ్లు కూడా సంపాదనలో వాళ్లతో సమానమయ్యారు. ఇంట్లో సామాను, చేతిలో వృత్తి మాత్రం డబ్బు అందినవాళ్లకే ఎక్కువ. అంటే ఆ డబ్బు వాళ్లను కొన్నేళ్లు ముందుకు తీసుకెళ్లింది, జీవితాంతం ముందుంచలేదు. కష్టాల్లో ఉన్న కుటుంబానికి ఆ నాలుగైదేళ్లు కూడా చిన్న విషయం కాదని నా అభిప్రాయం. కాకపోతే దాన్ని నిరుద్యోగానికి శాశ్వత పరిష్కారం అనకూడదు.

మన దగ్గర డబ్బుకు దారులు లేకపోలేదు. చిన్న వ్యాపారాలకు ఇవ్వడానికి 2015లో వచ్చిన ముద్ర లోన్‌కు తనఖా అక్కర్లేదు. సొంత యూనిట్ పెట్టుకునేవాళ్లకు బ్యాంకు అప్పుతో పాటు సబ్సిడీ ఇచ్చే కేంద్ర పథకం పీఎంఈజీపీలో గ్రామీణ ప్రాంతంలోని జనరల్ అభ్యర్థికి ప్రాజెక్టు ఖర్చులో 25 శాతం, మహిళలకు, ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీలకు 35 శాతం సబ్సిడీ ఉంది. ఆ సబ్సిడీ చేతికి రాదు, మూడేళ్లు బ్యాంకులోనే డిపాజిట్‌గా ఉండి, యూనిట్ నడుస్తోందని చూశాకే అప్పులో సర్దుబాటు అవుతుంది. సబ్సిడీ కోసమే యూనిట్ పెట్టి మూసేయకుండా చూసే మంచి నియమం ఇది. దీనికి ముందు ఈడీపీ అనే వ్యాపార శిక్షణ కూడా ఉంటుంది. ఇబ్బంది ఎక్కడంటే, కొందరు ఆ శిక్షణను లోన్ ఫైలుకు పెట్టాల్సిన ఇంకో సర్టిఫికెట్‌గానే చూస్తున్నారు.

నాకు అన్నిటికంటే నమ్మకం కలిగించేది అంతగా ప్రచారం లేని ఆర్‌సెటీ, అంటే గ్రామీణ యువతకు స్వయం ఉపాధి నేర్పే శిక్షణ కేంద్రం. కర్ణాటకలోని ఉజిరెలో 1982లో ధర్మస్థల ట్రస్టు, సిండికేట్ బ్యాంక్, కెనరా బ్యాంక్ కలిసి మొదలుపెట్టిన రుడ్‌సెటీ దీనికి మూలం. తర్వాత దాన్నే నమూనాగా తీసుకుని జిల్లాకొకటి చొప్పున బ్యాంకుల చేత పెట్టించారు. పాతిక ముప్పై మంది బ్యాచ్, ఉచిత భోజనం, వసతి. సెల్‌ఫోన్ రిపేరు, కుట్టుపని, డెయిరీ, ఏసీ మెకానిక్ లాంటి పనులు చేత్తో చేయిస్తూనే లెక్కలూ మార్కెట్ సర్వే కూడా నేర్పుతారు. శిక్షణ ఇచ్చే సంస్థను నడిపేది బ్యాంకే కాబట్టి లోన్ మాట అక్కడే మొదలవుతుంది. కోర్సు అయ్యాక రెండేళ్లు వెంట ఉండి చూడాలన్నది నియమం. షాపు మూతపడే ప్రమాదం మొదటి రెండేళ్లలోనే ఎక్కువ కాబట్టి ఈ నియమానికి చాలా విలువుంది.

అమ్మాయిల విషయంలో ఇంకో సంగతి. అహ్మదాబాద్‌లో స్వయం ఉపాధి మహిళల కోసం నడిచే సేవా బ్యాంకు ఖాతాదారులైన మహిళలకు రెండు రోజుల వ్యాపార శిక్షణ ఇచ్చారు. కొందరిని ఒంటరిగా రమ్మన్నారు, కొందరిని స్నేహితురాలిని తోడు తెచ్చుకోమన్నారు. పాఠం ఒక్కటే. తర్వాత లోన్ తీసుకుని వ్యాపారంలో పెట్టినవాళ్లు, ఇంటి ఆదాయం పెరిగిందని చెప్పినవాళ్లు తోడుతో వచ్చినవాళ్లలోనే ఎక్కువ. కట్టుబాట్లు ఎక్కువున్న ఇళ్ల ఆడవాళ్లలో ఈ తేడా ఇంకా బాగా కనిపించింది. డ్వాక్రా గ్రూపుల్ని చూసిన తెలుగువాళ్లకు ఇది ఆశ్చర్యం కలిగించదు. అయినా మన కాలేజీ కార్యక్రమాల్లో పది నిమిషాల్లో ఐడియా చెప్పి జడ్జిల్ని ఒప్పించే పోటీకే పెద్దపీట. ఒక అమ్మాయి బస్సెక్కి హోల్‌సేల్ మార్కెట్‌కు వెళ్లి బేరమాడాలంటే పక్కన ఎవరుండాలి, ఇంట్లో ఏం చెప్పాలి అన్నది అక్కడ ఎవరూ మాట్లాడరు.

స్కూల్లో నేర్పడం దండగ అని నేను అనను. ఢిల్లీ ప్రభుత్వ పాఠశాలల్లో 2021లో విస్తరించిన బిజినెస్ బ్లాస్టర్స్ కార్యక్రమంలో 11, 12 తరగతుల పిల్లలకు తలా 2,000 రూపాయలిచ్చి, జట్లుగా ఏదైనా తయారు చేసి అమ్మమన్నారు. ముక్కూ మొహం తెలియనివాళ్ల దగ్గరికి వెళ్లి ధర చెప్పడం, వద్దంటే తట్టుకుని పక్క గుమ్మానికి వెళ్లడం ఏ ఉద్యోగంలోనైనా పనికొస్తాయి. అలాంటి కార్యక్రమాన్ని ఆ కొలతతోనే కొలవాలి. ఎన్ని స్టార్టప్‌లు పుట్టాయని అడగడం మొదలుపెడితే కాగితం మీద కంపెనీలు పుడతాయి.

ఉద్యోగాలు సృష్టించడమే లక్ష్యమైతే చూడాల్సిన చోటు వేరు. నైజీరియా 2011లో బిజినెస్ ప్లాన్ పోటీ పెట్టి, దాదాపు 24,000 దరఖాస్తుల్లోంచి 1,200 మందికి సగటున 50 వేల డాలర్ల చొప్పున ఇచ్చింది. మూడేళ్లకు చూస్తే పది మంది, అంతకంటే ఎక్కువ మందికి పని ఇచ్చే సంస్థలు గెలిచినవాళ్ల చేతుల్లో బాగా పెరిగాయి. అంటే పెరగగలిగిన కొద్దిమందికి గట్టి పెట్టుబడి పెడితే, వాళ్ల దగ్గర మిగతావాళ్లకు జీతం దొరుకుతుంది. కాకినాడలో అదనంగా పని దొరికింది కూడా ఇలాగే. ఇంటికొక పారిశ్రామికవేత్త అన్న లెక్కకు ఇది పూర్తిగా ఎదురు దారి. ప్రతి ఇంట్లోనూ నష్టాన్ని తట్టుకునే స్తోమత ఉండదు. ఎవరో పెట్టిన సంస్థలో నెల జీతానికి నిజాయితీగా పనిచేయాలనుకోవడం తక్కువ కోరికా కాదు. ఇక ఖాళీగా ఉన్న టీచర్, నర్సు పోస్టుల భర్తీకి స్వయం ఉపాధి పథకం ఎప్పటికీ బదులు కాదు.

మీ ఇంట్లోనో, తెలిసినవాళ్లలోనో ఎవరైనా ఇలాంటి శిక్షణలో చేరబోతుంటే, చేరేముందు నిర్వాహకుల్ని కొన్ని విషయాలు అడగమనండి. గత బ్యాచ్‌లో వ్యాపారం పెట్టినవాళ్లలో రెండేళ్ల తర్వాత కూడా నడుపుతున్న ఇద్దరి నంబర్లు, వాళ్ల అనుమతితో ఇప్పించగలరా? కోర్సులో ఎన్ని రోజులు నిజమైన షాపులోనో యూనిట్‌లోనో గడుస్తాయి? లోన్ ఫైలు బ్యాంకులో ఆగిపోతే వెంట వచ్చేది ఎవరు? మొదటి ఆరు నెలలు నష్టం వస్తే ఫోన్ చేయడానికి ఒక మనిషి ఉన్నారా? సూటిగా జవాబు రాకపోతే, ఆ నెల రోజులు ఊళ్లో బాగా నడుస్తున్న షాపులో పనికి కుదరడం మేలు. జీతం కొంచెమే వచ్చినా, సరుకు ఎక్కడి నుంచి వస్తుంది, ఎంత మిగులుతుంది అన్నది అక్కడ రోజూ కళ్ల ముందే కనిపిస్తుంది.